హ్యాండ్‌బ్రేకు

అల్లుడుగారికి,

మీ క్షేమం నా కోపం తగ్గాక అడుగుతాను. అమ్మాయి నిన్న డ్రైవింగ్ పరీక్ష రెండోసారి తప్పింది. మలుపు దగ్గర బ్రేకు వేయకుండా కారును నేరుగా ఇసుక బస్తాల మీదికి పోనిచ్చింది. "ఏమ్మా, బ్రేకు ఎవరి కోసం దాచావు?" అన్నాడట ఇన్‌స్పెక్టరు. "రోజూ మా ఆయన వేస్తారండీ" అందట ఇది.

ఆరు నెలలు నేర్పారు. అది కాలు కదపకముందే ప్రతి మలుపులోనూ మీరు హ్యాండ్‌బ్రేకు లాగారు, పైగా "నీ మొహానికి కారొకటి" అన్నారు. అది నేర్చుకున్నదల్లా మీ చేతి కోసం ఎదురుచూడటం.

ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు ఉద్యోగం దానికి వచ్చింది. నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే ఆ ఉద్యోగం పోతుంది. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసే లాగారని నా అనుమానం.

కారు నిన్న నేనే నడిపి మా ఇంటికి తెచ్చాను. మళ్లీ పరీక్షకు వెళ్లేదాకా పక్క సీట్లో నేను కూర్చుంటాను, చేతులు ఒళ్లో పెట్టుకుని. గేటు విరిగితే విరగనీ, గేటు నాదే. పాసయ్యాక అదే నడుపుకుంటూ వస్తుంది. అప్పుడు మీరు వెనక సీట్లో కూర్చోండి.

మీ అత్తగారు