దత్తాబాబుకి రొయ్యల వేపుడు

ఫిబ్రవరి 9
మా కాలనీ బెంగాలీ దత్తాబాబు సరేనన్నాడు. కలకత్తాలో తన బావమరిదికి ఉత్తరం రాసి ఆదివారం ఇస్తాడట. ఎరుపు-పసుపు ఫుట్‌బాల్ క్లబ్బు, దత్తాబాబు ప్రాణం పెట్టేది... ట్రయల్స్ ఇరవయ్యో తేదీ. ఉత్తరం లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. దేశమంతా చెప్పుకునే క్లబ్బులు రెండే, అందులో ఒకదాని గేటు! నాకు ఇరవై నాలుగు. వచ్చే ఏడు ఎవడూ పిలవడు.

ఫిబ్రవరి 10
ఫ్యాక్టరీల ఊరు ఉర్లా నుంచి కబురు, రోలింగ్ మిల్లులో పని ఉందని. వెళ్ళను.
అమ్మ హాస్పిటల్ నుంచి రాగానే చెప్పాను. నర్సు టోపీ కూడా తియ్యకుండా మోకరించి ప్రార్థన చేసింది. లేచాక — "ఆయనకేం ఇష్టంరా?" క్లబ్బు గెలిస్తే బెంగాలీలు చేపో రొయ్యలో వండుకుంటారన్నాను. ఎవరు గెలిస్తే ఏదో చెప్పలేదు.

ఫిబ్రవరి 12
రెండు క్లబ్బులకీ మ్యాచ్. దత్తాబాబు వరండాలో రేడియో. నేను ప్రాక్టీసులో. మనవాళ్ళు ఓడారు, అవతలి ఆకుపచ్చ-మెరూన్ వాళ్ళు గెలిచారు. ఒక్క గోలు, ఆఖర్లో.
ఇంటికొస్తే వేపుడు వాసన. కాకినాడ నుంచి పిన్ని ఐసులో పెట్టి రైల్లో పంపిన రొయ్యలు. అమ్మ డ్యూటీకి వెళ్తూ చీటీ పెట్టింది — "కాలనీలో టపాకాయలు విన్నాను. మనవాళ్ళు గెలిచినట్టున్నారు. దత్తాబాబుగారికి బాక్సు ఇచ్చి వెళ్తున్నా."
రొయ్యలు అవతలి క్లబ్బు గెలిస్తే వండుకునేవి. దత్తాబాబు క్లబ్బుది ఇలస చేప. ఓడిన పూట ఆ ఇంటికి రొయ్యలు పంపడం కంటే చెప్పుతో కొట్టడం నయం.

ఫిబ్రవరి 13
వెళ్ళాను. పదిమంది ముందు విప్పాడట బాక్సు. "తుమ్హారీ మా నే బహుత్ అచ్ఛా కియా." మీ అమ్మ చాలా మంచి పని చేసిందని ఎత్తిపొడుపు. తెలియక చేసింది దాదా, అన్నాను. ఉత్తరం... "కౌన్ సీ చిట్ఠీ?" ఏ ఉత్తరం అంటాడు.
కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టున్నాడు. అంత పెద్దమనిషిని అలా చూసి కోపం రాలేదు. ఇంటికొచ్చాక వచ్చింది, నా మీద నాకే. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా నాకు?

ఫిబ్రవరి 16
బాక్సు తిరిగొచ్చింది. కడిగి, ఖాళీగా.

ఫిబ్రవరి 18
కలకత్తా బండి వెళ్ళిపోయింది. మోకాలు పట్టేసిందని అమ్మకి అబద్ధం చెప్పాను.

ఫిబ్రవరి 20
ఈపాటికి అక్కడ గ్రౌండులో ఆడుతుంటారు.
అమ్మ నా మంచం పక్కన కూర్చుని మోకాలికి మందు రాస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా నర్సు, వాపు లేదని తెలియదా. "ఇక్కడా? ఇక్కడా?" అక్కడే అన్నాను.
"రేపు నేనే వెళ్ళి దత్తాబాబుగారిని అడుగుతాను, కాలు నయమయ్యేదాకా ఉత్తరం ఉంచమని. పాపం, ఎంత మంచాయనో. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం... పిన్ని వాటితోపాటు పంపిన ఎండు రొయ్యలు ఇంకా ఉన్నాయిగా."
అసలు సంగతి నోటిదాకా వచ్చింది. కాలు ఇంకాస్త ముందుకి చాపాను... మందు రాస్తూనే ఉంది.