రెండొందల కేబీల చేను

నవంబర్ 26
తుఫాను పోయింది. వంశధారలో వరద తగ్గింది. మా ఎకరం వరి మాత్రం ఇంకా నీళ్లలోనే పడుకుంది. పంటనష్టం రాయాలంటే చేను ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టాలట. అది ఓకే అయ్యేదాకా కొయ్యకూడదట. డిసెంబర్ 3 ఆఖరని వ్యవసాయ అసిస్టెంట్ ఈశ్వర్ గారు ఫోన్ చేసి మరీ చెప్పారు.

నవంబర్ 27, పొద్దున్న 7
పొలానికి నాకంటే ముందే నాన్న వెళ్లాడు. గట్టు పక్క పడిపోయిన దుబ్బులు లేపి, నాలుగేసి కలిపి ముడులేసి నిలబెట్టాడు. ఎందుకని అడిగితే, ఫోటో తీస్తావు కదే, పదిమందీ సూస్తారు, పడిపోయిన సేను ఏటి సూపిస్తాం అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంకి వంచి చూశాను. గింజగింజకీ తెల్లటి మొలక. సరేనని ఫోటో తీసేశాను.

సాయంత్రం
ఫోటో 4.6 ఎంబీ. పోర్టల్ 200 కేబీ దాటితే తీసుకోదు. రీసైజ్ కొట్టాను. 4000 పిక్సెల్స్ వెడల్పు కాస్తా 640 అయింది. అప్‌లోడ్ అయిపోయింది. నా బీఎస్సీ కంప్యూటర్స్ ఇంట్లో మొదటిసారి పనికొచ్చింది.

నవంబర్ 29
రిజెక్ట్. నష్టం కనబడటం లేదట.

నవంబర్ 29, మళ్లీ
పంపిన ఫోటో ఇప్పుడు సరిగ్గా చూశాను. బంగారంలా ఉంది చేను. ఒరిజినల్ జూమ్ చేస్తే గట్టు పక్క మొలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చిన్నదాన్ని ఎంత లాగినా గడులు గడులుగా మసకే. పారేసిన పిక్సెల్ తిరిగి రాదు. సెకండియర్‌లో ఇదే రాశాను, మార్కులు కూడా వేశారు! చూడకుండా పంపింది నేను. అరిచింది మాత్రం నాన్న మీద. ముడులెవరు వెయ్యమన్నారని అడిగాను. ఆయన స్ప్రేయర్ భుజాన వేసుకున్నాడు. మొలకలు ఆగుతాయని ఉప్పునీళ్లు కొట్టడానికి వెళ్లిపోయాడు.

డిసెంబర్ 1
ఆగలేదు. మొలకలు పచ్చబడ్డాయి. పక్కవాళ్ల ఫోటోలు ఓకే అయ్యాయి, కోతలు మొదలెట్టారు. నాకు కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే పొలానికి పోవాలనిపిస్తోంది. పోతే చూడలేను.

డిసెంబర్ 2
తట్టింది! ఉన్నవి 640 పిక్సెల్సే. వాటిలో ఎకరమంతా ఇరికించాను. అదే 640లో ఒక్క కంకి పెడితే? నాన్నని చెయ్యి చాపమన్నాను. మొలకెత్తిన గింజ సేతిలో ఎట్టుకుని ఫోటో దిగాలేటే, నా వల్ల కాదు పో అన్నాడు. రేపే ఆఖరు. ఈశ్వర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు.

డిసెంబర్ 3
చాపాడు. తను వేసిన ముడి తనే విప్పి, ఒక కంకి తుంచి, అరచేతిలో పెట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. మొలకలు, అరచేతి గీతలు, గోళ్లలో బురద, అన్నీ పడ్డాయి. 180 కేబీ.

డిసెంబర్ 5
ఓకే అయింది. కోస్తున్నాం.

డిసెంబర్ 9
నాన్న నన్ను నరసన్నపేట స్టూడియోకి తీసుకెళ్లాడు. ఫ్రేము కట్టించాలట. ఓకే అయిన ఫోటో కాదు, రిజెక్ట్ అయిన ఫోటోయే, సేను బాగున్నది అందులోనే అన్నాడు. అది పెద్దది సేస్తే పగిలిపోతాదని స్టూడియో అతను చెప్పాడు. అయితే స్టాంపు సైజే చాలన్నాడు నాన్న. జేబులో పెట్టుకున్నాడు.

ఒరిజినల్ నా ఫోన్‌లో ఉంది. ఎంత ఫ్రేముకైనా సరిపోతుంది, మొలకలతో సహా. ఉందని చెప్పలేదు.