కుట్లు లేని పని

చెల్లీ, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

"ఇంకో డాక్టర్నీ అడుగన్నయ్యా" అని నువ్వు పట్టుబట్టడం మంచిదైంది. లివర్లో కేన్సర్ గడ్డ చిన్నదే కాబట్టి, కొయ్యకుండా సూది గుచ్చి మాడ్చేయొచ్చని ఆ రెండో డాక్టరమ్మ చెప్పింది. కోసి తీసేస్తే తిరగబెట్టే భయం కాస్త తక్కువట గానీ, కోలుకోవడానికి చాలా రోజులు పడుతుందట. సూదైతే తరచూ స్కానింగులకు రావాలి. సూదికే ఒప్పుకున్నాను.

అదంతా అయిపోయి మెలకువ రాగానే కుట్లు చూపించమని నర్సును అడిగాను. "కుట్లే లేవు బాబాయ్, చిన్న పట్టీ అంతే" అని నవ్వింది. దర్జీని కదా, కాస్త చిన్నబోయాను! మీ వదినైతే ఆ పిల్ల చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

షాపులో మిషన్ బెల్టు మార్పించావా? అమ్మకు నెమ్మదిగా చెప్పు. పిల్లలు చల్లగా ఉండాలి. చిక్కిపోయానని నా ప్యాంట్లు నడుం దగ్గర బిగించమన్నాను కదా, ఆ కుట్లు విప్పెయ్. మళ్ళీ ఒళ్ళు చేస్తాను.

అన్నయ్య