పదమూడు వరుసల రాయి

కార్తీక శుద్ధ అష్టమి, శుక్రవారం

చెన్నపట్నం నుంచి స్కూలుకు కాగితం వచ్చిందట. ఇకమీదట హైస్కూలు పిల్లలకు చరిత్ర తెలుగులోనే చెప్పవచ్చునట. పుస్తకం మాత్రం రాలేదు. భోజనానికి లెమ్మని పిలిచి విస్తరి వేయనట్టు.

మనవడు నారాయణ అక్కడ చరిత్ర మాస్టరు. రెండేళ్లుగా టెంపరరీ. గవర్నరు జనరళ్ల పేర్లు వల్లె వేయించమంటే ఒంటికి పడదు వీడికి. హెడ్మాస్టరుకు అదొక్కటే పడుతుంది.

చరిత్ర గదిలో ఉన్న సామాను — ఒక పటం. ఇంగ్లండుది. కింది సగం చెదలు తిన్నది. మా చెదలకు దొరలంటే బొత్తిగా భయం లేదు.

ఈ నెలలోనే ఇన్‌స్పెక్టరు వస్తాడు. వీడి పాఠం విని రిపోర్టు రాస్తాడు. బాగుందంటే ఉద్యోగం పక్కా. బాగాలేదంటే గిద్దలూరులో వీడి మామగారి కట్టెల అడితి... దుంగలకు నంబర్లు వేసుకోవాలి. మామగారు ఇప్పటికే రెండు జాబులు రాశాడు. కుర్చీ కూడా చేయించాడట.

నవమి

"పుస్తకం లేకపోతే ఏం చేస్తావురా?"

"ఊరే ఉంది గదా జేజీ."

ఊరిని చదివి ఎవడు పాసయ్యాడో చెప్పు అన్నాను. నవ్వాడు. వీడి నవ్వు చూస్తే నాకు దిగులు. తాత నవ్వే అది. ఆయనా ఏదీ పక్కా కాకుండానే పోయాడు.

దశమి, ఆదివారం

నడుములు విరిగాయి. పెద్దారవీడు దారిలో పలకల గనుల దాకా బండిలో తీసుకుపోయాడు నన్ను. ఎందుకంటే అక్కడొక రాయి ఉంది, దాని మీద పాత రాత ఉంది. మా నాయన మునసబుగా ఉన్న రోజుల్లో నాకు పాత కవిలె లెక్కలూ తాటాకులూ చదవడం నేర్పాడు. ఆడపిల్లకు ఎందుకయ్యా అని ఊరంతా అడిగింది. ఇదిగో, ఇందుకు. అరవై ఏళ్లు దాటాక బండి కుదుపులు తినడానికి.

నల్ల రాయి. నడుమెత్తు. గని మేస్త్రి దస్తగిరి గుడిసె పక్కనే, తుమ్మచెట్టు కింద. దస్తగిరి నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

"గీతల రాయి పెద్దమ్మా. పలకకు పనికి రాదు. మా తాతల కాడి నుంచి అట్లనే వదిలేసినాం."

గుప్పెడు జొన్నపిండి తెప్పించి రాయికి పూశాను. పైపైన తుడిచాను. పిండి లోపలి గీతల్లో నిలిచిపోయింది — నల్లటి రాయి మీద తెల్లటి అక్షరాలు, పదమూడు వరుసలు, బడిపిల్లల పలక మాదిరి. దస్తగిరి గనిలో ఎవరో పిలిస్తే పోయాడు. నారాయణ నోరు తెరిచి నిలబడ్డాడు. ఎల్.టి. ట్రయినింగులో జొన్నపిండి సంగతి చెప్పలేదు కాబోలు.

చదివాను. స్వస్తిశ్రీ అని మొదలు. రాజుగారి బిరుదులు. ఇంకా బిరుదులు. నాలుగు వరుసలైనా పేరు దగ్గరికి రాలేదు ఆ మహానుభావుడు. వీడు కాగితం మీద రాసుకుంటూ ఉన్నాడు. అయిదో వరుస మీద వేలు పెట్టానో లేదో —

"చాలు జేజీ! ఇంక నువ్వు చదవగూడదు."

"ఏందిరా?"

"మిగతాది పిల్లోళ్లే చదవాల. ఇన్‌స్పెక్టరు ముందర. మొదటిసారి. ముందే మనకు తెలిసిపోతే పాఠం చచ్చిపోతుంది."

"పాఠం బతకాలని నేను కళ్లు మూసుకోవాల్నా?"

మూసుకున్నాను. వాడు కంబళి తెచ్చి రాయికి కప్పాడు, పెళ్లికూతురికి తెర పట్టినట్టు. కళ్లు తెరిచేసరికి, గని నుంచి తిరిగొచ్చిన దస్తగిరి పక్కకు తిరిగి నవ్వుకుంటున్నాడు.

కాని అయిదో వరుస మొదట్లో వేలికి తగిలింది ఒక పేరు. ఆడమనిషి పేరులాగే ఉంది. చెప్పలేదు వాడికి.

ఏకాదశి

నడుము.

ద్వాదశి

ఇంకా నడుమే.

పౌర్ణమి, శుక్రవారం

నారాయణ క్లాసులో పిల్లలకు పని పెట్టాడట. ఇంట్లో అన్నింటికంటే పాతది ఒకటి తేవాలి. ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఎట్లా తెలుసు — మూడు ప్రశ్నలు. ఒకడు తిరగలి రాయి మోసుకొచ్చాడు. ఒకడు నల్లమలలో చెంచుల దగ్గర వాళ్ల తాత తీసుకున్న గొడ్డలి తెచ్చాడు. బేస్తవారిపేట పిల్లవాడు వాళ్ల జేజిని వెంటబెట్టుకొచ్చాడు. తమ ఇంట్లో అంతకంటే పాతది లేదట.

ఆమె నడిమి బెంచీ మీద కూర్చుని కరువు సంగతి చెప్పింది. ఏ ఆకు తిన్నారు, ఎవరు చచ్చారు, ఎవరు బిడ్డను ఎవరి గుమ్మం ముందు వదిలిపోయారు. గంట కొట్టినా పిల్లలు లేవలేదట.

హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి — "ఇది బడా, సంతా?"

నారాయణ ఇది నాకు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే... ఆయన కూడా రిపోర్టుకు సంతకం పెట్టేవాడే గదా.

బహుళ తదియ, సోమవారం

కార్తీక సోమవారం. ఉపవాసం. నాకు, నా నోటికి కాదు.

దస్తగిరి ఊళ్లో దుకాణానికి పలకలు వేయడానికి వచ్చి, మా గుమ్మం దాకా వచ్చాడు. మంచినీళ్లు ఇప్పించాను.

"గురువారం పెద్ద దొర వస్తాడు దస్తగిరీ. పిల్లలు నలభై మంది. రాయి కాడ ఊడ్చి నీళ్లు చల్లించు. రాయిని శుభ్రంగా పెట్టించు. నేను పూసిన పిండికి చీమలు పట్టి ఉంటాయి."

"మీరు చెప్పాల్నా పెద్దమ్మా. దొరొస్తాడంటే మా గనికి మర్యాద గాదా. అద్దం మాదిరి పెడతాం."

నారాయణకు చెప్పలేదు. వాడు పటం గీయడంలో ఉన్నాడు — గోడంత గుడ్డ మీద మన తాలూకా, కొండలు, వాగులు, కంభం చెరువు. ఇంగ్లండు పటం మీదికి దీన్ని వేలాడదీస్తాడట. ఒక పని నా తరఫున అయిపోయిందని సంతోషంగా ఉంది.

పంచమి, బుధవారం

ఇన్‌స్పెక్టరు దిగాడు. బంగళాలో బస. నారాయణ భోజనం సగంలో లేచాడు.

షష్ఠి, గురువారం

రాస్తాను. రాయకపోతే రేపటికి నేనే దీన్ని ఇంకో రకంగా చెప్పుకుంటాను.

పొద్దున పిల్లలు నడిచి, ఇన్‌స్పెక్టరూ హెడ్మాస్టరూ జట్కాలో, నేను మా బండిలో. నేను దూరంగా ఉండిపోయాను. ముసలిదాన్ని, ఎవరికీ లెక్కలేదు. దారి పొడుగునా నారాయణ పిల్లలకు చెబుతూ నడిచాడు. మీరు చదవబోయేది మీకంటే ముందు ఈ కాలంలో ఎవరూ చదవలేదు. నేను కూడా. ఒక్కొక్కడి చేతిలో చిన్న మూట, జొన్నపిండి.

తుమ్మచెట్టు కింద ఊడ్చి ముగ్గు పెట్టారు. రాయికి బంతిపూల దండ. కంబళి మడిచి పక్కన పెట్టారు. దస్తగిరి, వెనుక అయిదుగురు మనుషులు, తలంట్లు పోసుకుని.

ఎండలో రాయి మెరుస్తూ ఉంది.

పిల్లలు పిండి పూశారు. తుడిచారు. మళ్లీ పూశారు. ఒక పిల్లవాడు నారాయణ వైపు తిరిగి — "సార్, ఏందీ లేదు సార్."

దస్తగిరి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. ఆ మొహంలో వెలుగు. "మొగం చూసుకోవచ్చు దొరా. మూడు దినాలు, ఆరుగురం. ఇసుక పోసి, నీళ్లు పోసి రుద్దినాం. గీతలు మా లోతుగా ఉండె, ఒక పట్టాన వదల్లేదు. ఇసుక మార్చి మళ్లా రుద్దినాం. ఇప్పుడు చూడండి, ఒక్క గీత లేదు."

తప్పేముంది అందులో? పుట్టినప్పటి నుంచి వాళ్ల పని అదే. రాయి మీద గీత ఉంటే రాయి చెడ్డది. గీత పోతే మంచిది.

ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. హెడ్మాస్టరు నేల చూశాడు. నారాయణ రాయి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. దస్తగిరి మొహంలో వెలుగు మెల్లగా పోవడం నేను బండిలోంచి చూశాను. ఏమయిందో తెలియదు వాడికి, ఏదో అయిందని మాత్రం తెలిసింది.

ఆ తర్వాత వీడు పిల్లలను రాయి చుట్టూ కూర్చోబెట్టాడు. "ఇక్కడ రాత ఉండె. ఇప్పుడు లేదు. ఉండిందని మీ మనమళ్లకు ఎట్ల నమ్మిస్తారు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను విన్న పాఠాల్లోకెల్లా మంచిది. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

సాయంత్రం చెప్పాను వాడికి. శుభ్రం చేయించమన్నది నేనేనని.

"నువ్వేం చేస్తావులే జేజీ" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. మా వంశంలో తిట్టడం నాతోనే ఆఖరు కాబోలు.

సప్తమి

దస్తగిరి వచ్చి గుమ్మం బయట కూర్చున్నాడు. లోపలికి రాడు. నారాయణ పోయి పక్కన కూర్చున్నాడు.

"అది శాసనమని మాకెవరు చెప్పినారు సామీ..."

"ఎవరూ చెప్పలేదు మేస్త్రీ. చెప్పాల్సింది నేనే."

"పెద్దమ్మ పూసిన పిండిలో తెల్లగా కనపడితే, గీతల్లో మురికి చేరిందనుకుంటి."

లోపల నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అరవై ఏళ్లుగా ఎవరికి ఏ మాట ఎప్పుడు తగిలించాలో తెలిసినదాన్ని. ఏరిన బియ్యమే మళ్లీ చేటలో పోసుకున్నాను.

అష్టమి, శనివారం

ఇన్‌స్పెక్టరు గిద్దలూరు వైపు స్కూళ్లు చూసుకుని సోమవారం రైలుకు తిరిగొస్తాడు. అప్పటికి శాసనం నకలు తన చేతిలో పెట్టమని నారాయణతో అన్నాడట, పదమూడు వరుసలూ. నకలుంటే "స్థానిక ఆధారాలతో బోధన" అని రాస్తాడు. లేకుంటే "పిల్లలను పొలాల వెంట వృథాగా తిప్పాడు" అని. రెండూ ఒకే కలంతో. ఉద్యోగం సంగతి ఆ వాక్యంలోనే ఉంటుంది.

మన దగ్గర ఉన్నవి నాలుగు వరుసలు. బిరుదులు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు వచ్చాడు. మా ఇంటికి! కుర్చీ అంచున కూర్చుని, మజ్జిగ తాగి, నారాయణ ఇంట్లో లేడని చూసుకుని —

"తమరికి పాత భాష బాగా తెలుసునని విన్నానమ్మా."

"విన్నది నిజమే."

"మిగతా తొమ్మిది వరుసలు తమరికి పెద్ద కష్టం కాదు. ఎవరు పోల్చి చూస్తారు? రాయి మీద రాత లేదు గదా."

చూశాను ఆయన మొహంలోకి. ఎగతాళి కాదు. కుర్రవాడి పొట్ట కొట్టడం ఇష్టం లేదు ఆయనకు. సంత అన్న మనిషే. నేను ఇన్నాళ్లూ ఆయన్ను తిట్టుకున్నవన్నీ కొంచెం తగ్గించుకోవాలి... సగం.

"కాపీ కొట్టేవాణ్ణి పట్టుకుంటారు గదా మీ బళ్లో" అన్నాను. "అసలే లేనిదానికి కాపీ రాసేవాణ్ణి ఏం చేస్తారు?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఉద్యోగం ఇస్తారమ్మా" అని లేచిపోయాడు.

నవమి, ఆదివారం

పొద్దున గిద్దలూరు నుంచి మూడో జాబు. కుర్చీకి పాలిష్ కూడా పెట్టించారట.

రాయగలను. అదే బాధ. పొద్దుటి నుంచి వరుసలు వాటంతట అవే వస్తున్నాయి. ఫలానా ఆమె, ఫలానా వాగుకు కట్ట వేయించి, కట్ట కింద భూమి ఇంత, కాపలా కాసేవాడికి ధాన్యం ఇంత. ఎట్లా రాస్తారో నాకు తెలుసు. ఎక్కడ తప్పు రాస్తారో కూడా తెలుసు. ఏ పండితుడూ వంక పెట్టలేడు. రేపటి నుంచి పిల్లలు దాన్ని వల్లె వేస్తారు. వాళ్ల పిల్లలూ వేస్తారు. ఆ ఫలానా ఆమె నిజంగా ఏం చేసిందో, అది వాగో గుడో బావో, ఇక ఎవరికీ అక్కర్లేదు. రాయిని ఆరుగురు మూడు రోజులు రుద్దారు. నేనైతే కూర్చున్న చోటి నుంచి లేవకుండా పూర్తి చేస్తాను.

వేలికి తగిలిన ఆ పేరైనా నిజమా? రెండు వారాల కిందట "పేరులాగే ఉంది" అనుకున్నాను. ఇవాళ స్పష్టంగా కనబడుతోంది. అంటే అబద్ధం అప్పుడే పని మొదలు పెట్టింది.

భోజనాలయ్యాక నారాయణ తెల్ల కాగితం, పెన్సిలు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. పైన నాలుగు వరుసలు అప్పటికే రాసి ఉన్నాయి. దస్తూరి ముత్యాలు.

"నీకు తెలిసింది చెప్పు జేజీ. తెలిసినంతే."

ఎట్లా అడిగాడో! కళ్లు కాగితం మీదే. తెలిసినంతే అని గట్టిగా అన్నాడా, మెల్లగా అన్నాడా... హెడ్మాస్టరు వీడితో కూడా మాట్లాడాడా?

చివరి వరుస చెప్పాను. చదవకపోయినా అది తెలుసు, ఏ శాసనానికైనా అదే ముగింపు. ఈ ధర్మం చెరిపినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారు.

రాసుకున్నాడు. కాగితం అడుగున, జాగ్రత్తగా, నడుమ ఎనిమిది వరుసల చోటు వదిలి. నా వైపు చూడలేదు.

పెన్సిలు చెక్కాడు. మొన ఊదాడు.

"మధ్యలో, జేజీ?"