మంత్రగత్తె నడక

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు చేత్తో బొమ్మలు గీసిన ఆ రాజకుమారి సినిమాని నిన్న సెంగ్‌కాంగ్‌లో మన తెలుగువాళ్ళు పిల్లల కోసం వేశారు. వచ్చినప్పుడు పట్టుమని వారం కూడా ఆడలేదు. ఇప్పుడు క్లాసిక్ అట.

నా పక్కన ఒక సాఫ్ట్‌వేర్ మహానుభావుడు కూర్చున్నాడు. ఆదివారం కూడా మెడలో ఆఫీసు బిళ్ళ తియ్యడు. "గ్రాఫిక్స్ చాలా వీక్ ఆంటీ. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో?" అన్నాడు.

"పెన్సిల్‌లో నాయనా" అన్నాను.

"వినలేదే. ఏ కంపెనీది?"

ఇలాంటివాళ్ళనే విమానాల నిండా దింపుతున్నారు ఈ దేశంలో.

నీ సినిమా కూడా ఏమంత గొప్పగా లేదులే. రాజకుమారిది ఏడుపు మొహం. రాజకుమారుడు నీళ్ళు కలిపిన మజ్జిగ. మంత్రగత్తె వచ్చాక మాత్రం పిల్లలు కిక్కురుమనలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

సినిమా అయ్యాక నేను లేచి బయటికి నడుస్తుంటే వెనక ఓ చిన్నపిల్ల తల్లితో ఇక్కడి యాస ఇంగ్లీషులో అంది: "మమ్మీ, దట్ ఆంటీ వాక్ సేమ్ లైక్ ద విచ్ లా."

నువ్వు నా దగ్గరున్న రోజుల్లో యీషున్ ఫ్లాట్‌లో నా వంటింటి గుమ్మం దగ్గర కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, నేను అటూ ఇటూ తిరుగుతుంటే నా కాళ్ళకేసే చూస్తూ కూర్చునేవాడివి. అన్నం కోసమనుకున్నాను, వెధవా.

స్టేషన్ దాకా ఆ పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, కాలీడుస్తూ నా వెనకే వచ్చింది. తల్లి కసురుతూనే ఉంది. దుకాణాల అద్దాల్లో అంతా కనిపిస్తూనే ఉన్నా నేను వెనక్కి తిరగలేదు. కాలు మాత్రం కాస్త బాగానే ఈడ్చాను.

మీ అక్క