ఒకే కాటా మీద ఇద్దరం

అక్కా, మా వంటాయన నీకు చేరవేసిన కబురు తప్పు. పడిపోయింది నేను కాదు, నాతో పనిచేసే బక్కోడు. వాడూ బతికే ఉన్నాడు, కంగారుపడకు.

మేడల అద్దాలు తుడవడానికి వేలాడే తొట్టి ఎక్కుతాం కదా, ప్రతి సోమవారం ఇద్దరినీ ఒకే కాటా మీద నిలబెట్టి తూస్తారు. ముల్లు ఎర్రగీత దాటిందా, ఇద్దరికీ పని పోయినట్టే. నేనింత లావెక్కుతున్నా ముల్లు కదలట్లేదని మురిసిపోయాను. నిన్న తొట్టి దగ్గర వాడు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. మొహాన నీళ్ళు కొడితే లేచి, "నువ్వు పెరిగినంతా నేను తగ్గాలి కదన్నా" అన్నాడు. రోజూ మధ్యాహ్నం "ఆకలి లేదన్నా" అని వాడిచ్చే డబ్బా కూడా నేనే ఊడ్చిపెట్టేవాణ్ణి, అక్కా.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు తినాలట, నేను తిండి తగ్గించి రోజూ నడవాలట, ఏదైనా నెమ్మదిగానే జరగాలట. నెమ్మదిగా అంటే సోమవారం ఆగుతుందా? పొద్దున వాడికి దగ్గర కూర్చుని తినిపించాను. ప్రతి ముద్దకీ మా ఇద్దరి కళ్ళ ముందూ ఆ ముల్లే.

నూనెలో వేయించినవేవీ ఇక పంపకు. బావ పాత బూట్లుంటే పంపు, నడవడానికి. వంటింటి కుళాయి బాగుచేయించావా? పాప దగ్గు తగ్గిందా? దానికి నా ముద్దులు. అది ఎప్పుడైనా ఆకలి లేదంటే ఊరుకోకు, ఎందుకు లేదో అడుగు. నేను అడగలేదు.

నీ తమ్ముడు