తమ్ముడి కంట్లో పుల్ల

అమ్మీ, నీ తమ్ముడికి కూడా కంట్లో గుచ్చుకుంది తల్లీ. పిలకాయలు చీపురుపుల్లలతో బాణాలాట ఆడతా ఉంటే ఒకటొచ్చి నల్లగుడ్డు పక్కనే దిగి నిలబడింది. నాకు ఆనాడు నీ కంట్లో దిగిన తుమ్మముల్లే కనబడింది.

మీ నాయనమ్మ, "పీకెయ్యి మే! పక్కింటి బాలింతను పిలిచి చనుబాలు పోయించు" అని కేకలేసింది. నీకూ అట్నే చేసినారు. చీము పట్టి, జొరం తలకెక్కి పోతివి. పీకకుండా తెచ్చుంటే బతికేదని డాక్టరు అన్న మాట నా చెవుల్లోనే ఉంది.

"వాడి కన్ను ఎవురు ముట్టినా చేతులు ఇరుస్తా" అన్నాను, అత్త మీద ఏనాడూ నోరెత్తని దాన్ని. పుల్లకు తగలకుండా కొబ్బరిచిప్ప బోర్లించి, గుడ్డ కట్టి, వాడి చేతులు గట్టిగా పట్టుకొని బస్సులో నెల్లూరు ఆసుపత్రికి పోయినాను. గుంత వచ్చినప్పుడల్లా నా పానం పోయింది.

డాక్టరు పుల్ల తీసి కుట్లేసినాడు. ఈ పొద్దు కట్టు విప్పి, బాగుండే కన్ను చేత్తో మూసి, "ఎదురుగా ఏముందిరా?" అన్నాడు. వాడు రెప్పలార్పి చూసి, "మాయమ్మ సార్. ఏడస్తా ఉంది" అన్నాడు.

వాడికి చూపుంది అమ్మీ.